ఓవరాక్షన్ అనెడి మాట

నటనను గూర్చి మన తెలుగువారు నేడు వాడుచున్న విమర్శపదములలో, శాస్త్రము చదివినవారికిని చదువనివారికిని, పట్టణవాసులకును పల్లెవారికిని, పెద్దలకును బడిపిల్లలకును సమానముగా నోట నానుచున్న మాట యొక్కటి కలదు. అది భరతుని గ్రంథమునుండి వచ్చినది కాదు. ఆలంకారికుల వ్యాఖ్యలనుండి వచ్చినదియు కాదు. అది ‘ఓవరాక్షన్’. సినిమా వదలిన పిమ్మట హాలు మెట్లు దిగుచు, “హీరో పరవాలేదు గానీ, ఆ విలన్‌ది మరీ ఓవరాక్షన్‌రా” అని యొక యువకుడు తోడివానితో ననును. కడుపునొప్పి యని చెప్పి బడి మానజూచు తమ్మునితో, “చాల్లే నీ ఓవరాక్షన్, లే!” అని అక్క యనును. పెండ్లివారింట అందరికంటె ముందుగా పరుగులు తీయుచు, ఎవరును చెప్పని పనికెల్ల తానే పోవుచున్న బంధువును చూపి, “వీడి ఓవరాక్షన్ భరించలేకపోతున్నాం” అని వంటసాల కడ నొకరు గొణుగుదురు. మొదటిచోట అది నటనలోని లోపము, రెండవచోట అబద్ధము, మూడవచోట హద్దు మీరిన చొరవ. ఇన్ని బరువులు మోయుచున్న మాటను మనము చులకనగా విసరుచున్నాము గనుక, ఆ మాట ఎక్కడ న్యాయముగా తగులునో, ఎక్కడ అన్యాయముగా గాయపరచునో కొంత విచారింపవలెనని నా కోరిక.

ఇంగ్లీషువారు అతిగా నటించువానిని ‘హామ్’ అందురు. ఆ పనిని ‘ఓవరాక్టింగ్’ అందురు. మనవారు ఆ రెంటిని విడిచి, షూటింగులో దర్శకుడు వేయు కేకవలన చిరపరిచితమైన ‘యాక్షన్’ అను పదమునే ఉంచుకొని, దానికి ముందు ‘ఓవర్’ చేర్చి, వెనుక మన ‘చేయు’ ధాతువును తగిలించి, సొంతముగా నొక నుడికారము కల్పించుకొనిరి. క్రమముగా ‘యాక్షన్’ కూడ జారిపోయి, “ఓవర్ చేయకు” అన్నంతనే భావము తెలియుచున్నది. దీనికి ముందునుండియు మనకు బంధువర్గమునకు చెందిన మాటలు లేకపోలేదు. వేషాలు వేయుట, నాటకాలాడుట, వగలు పోవుట, దొంగ ఏడుపు ఏడ్చుట అని మన తాతల కాలమునుండి వినుచునే యున్నాము. అయితే ఆ మాటలన్నియు మనిషి సత్యమును ప్రశ్నించును. లోపల లేనిది పైకి చూపుచున్నాడని నిందించును. ఓవరాక్షన్ అనెడి మాట పుట్టుకచేత పరిమాణమును మాత్రమే ప్రశ్నించవలసినది: ఉన్నదానిని ఉండవలసినంతకంటె పెద్దగా చూపుచున్నాడని మాత్రమే దాని యర్థము. వాడుకలో ఈ రెండు నిందలును కలిసిపోయినవి. పెద్దగా నున్నది గనుక అది అబద్ధమే యని మనము తీర్పు చెప్పుచున్నాము. ఈ తీర్పుతోనే నాకు పేచీ.

నాట్యశాస్త్రము రెండవ అధ్యాయమున భరతుడు ప్రేక్షాగృహములను వర్ణించుచు, మనుష్యులకు తగిన నాటకశాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గలదై యుండవలెనని విధించెను. అంతకు మించి కట్టరాదని కూడ చెప్పి, దానికి కారణము చూపెను: శాల మరీ పెద్దదైనచో నటుని పలుకు స్పష్టత కోల్పోవును, ముఖమునందలి భావములు కనబడవు. శిల్పశాస్త్రమునకు చెందినట్లు తోచు ఈ విధిలో అభినయమునకు గల మూలసూత్ర మిమిడియున్నది. నటుడు ఎంత పెద్దగా అభినయింపవలెనను ప్రశ్నకు, చిట్టచివర కూర్చున్న ప్రేక్షకుని కన్నును, చెవియు ప్రమాణము. దూరము మారినచో ప్రమాణము మారవలసినదే.

మరి మన తెలుగు నేలపై నటుడు ఆడినది 64 మూరల శాలలోనా? వీధినాటకమువారు గుడి ముందటి బయలున, కోత లైపోయిన పొలమున, నాలుగు వీధుల కూడలిలో, రాత్రి భోజనములైన తరువాత మొదలుపెట్టి తెల్లవారువరకు ఆడిరి. వెలుతురు దివిటీలది. ముఖ్యపాత్ర ప్రవేశించునప్పుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లినచో మంట భగ్గున పైకి లేచును. ఆ మంట నిలుచు క్షణకాలములోనే కిరీటము, భుజకీర్తులు, తీర్చిన కనుబొమలు, పాత్ర యొక్క గర్వమో క్రోధమో సర్వమును జనమునకు అందిపోవలెను. అట్టిచోట మణికట్టు మాత్రము కదల్చిన నటునికి, వెనుక వరుసవాని దృష్టిలో చేయే లేదు. అతడు భుజమునుండి చేయి ఎత్తవలెను, కనుగ్రుడ్లు తిప్పవలెను, నిలుచున్నచోటనే నేల అదరునట్లు అడుగు వేయవలెను. మైకులేని ఆ కాలమున పదవ వరుసకు వినబడు గొంతుతో పలికినవాడు నూరవ వరుసకు మూగవాడే. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమై, వనారస గోవిందరావు మొదలుగా తరతరములు ఒకే వృత్తిగా నాటకమును బ్రతికించుకొనిన సురభి కుటుంబములవారు ఊరూర డేరాలు వేసి ఆడినపుడు, వారి అభినయమునకు ఆ పరిమాణము కేవల మలంకారము గాక అవసరమై యుండెను. ఇంటి గదిలో తెరముందు మూడడుగుల దూరమున కూర్చుండి, ఆ నటనా రీతిని చూచి ఓవరాక్షన్ అని నవ్వుట, గోపురముపై బొమ్మను చేతికందు దూరమున నిలిచి చూచి ముక్కు మరీ పెద్దదనుట వంటిది.

ఇట్లని ఆ రంగస్థలమున అతినటన లేనే లేదని నేననుట లేదు. ఉన్నది, చాల ఉన్నది, దానిని చూచి బాధపడినవారిలో నేనును ఒకడను. పద్యనాటక మాడుచున్నపుడు ముందు వరుసలలోని రైతులకు పద్యములన్నియు కంఠస్థములు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలో రాయబారఘట్టము వచ్చుసరికి వారు పద్యముకొరకు గాక, పద్యము చివర నటుడు తీయబోవు రాగముకొరకు చెవులప్పగించి కూర్చుందురు. హార్మోనియము శ్రుతి అందించును. కృష్ణపాత్రధారి చివరి పాదమును విడిచి ఆలాపనలోనికి పోవును. చప్పట్లు, ఈలలు, ఆపై ‘వన్స్‌మోర్’ అను కేక. మంచి నటుని ఆలాపన కృష్ణుని మాటలోని హెచ్చరికనే ఇంకను సాగదీయును. దుర్యోధనుని సభలో ఆ ధ్వని ఒక బెదిరింపువలె తిరుగాడును. అదే రాగము, అంతే పొడవు, మరియొకనికడ గొంతు ప్రదర్శనగా మారును. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి సత్యహరిశ్చంద్రలో కాటి సీను గుర్తు తెచ్చుకొనుడు. చచ్చిన కొడుకును తెచ్చిన తల్లి ఎదుట నున్నది. కాటికాపరియైన తండ్రి పద్యము పాడినాడు. జనము వన్స్‌మోర్ అన్నది. నటుడు శవమును దాటి వేదిక యంచునకు వచ్చి, సభకు చేతులు జోడించి, మరల అదే పద్యమును మొదటినుండి ఎత్తుకొనును. ఓవరాక్షన్ అనెడి మాట నూటికి నూరుపాళ్లు తగు స్థల మిది. రాగము పొడవు వలన కాదు. ఆ రెండవసారి పాడినపుడు హరిశ్చంద్రుడు వేదికపై లేడు గనుక. జనమును తప్పుపట్టనేల? వారు అడుగుదురు. ఇయ్యకుండుట నటుని ధర్మము.

ఈ ధర్మమును గట్టిగా నమ్మి, నమ్మినదానిని ఆచరించి చూపినవాడు బళ్లారి రాఘవాచార్యులు. 1880లో పుట్టి 1946లో గతించిన ఈ మహానటుడు వృత్తిచేత వకీలు. ఆయన మేనమామయైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆంధ్రనాటక పితామహుడని పేరొందినవాడు. నాటకమున పద్యపు రాగాలాపన తగ్గవలెననియు, మాట మాటగా వినబడవలెననియు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెననియు రాఘవ వాదించెను. అట్లని ఆయన నటన చిన్నది కాదు. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, కోలాచలం శ్రీనివాసరావుగారి నాటకమున పఠాను రుస్తుం — ఆయన ప్రసిద్ధి చెందిన పాత్రలివి; గొంతు తగ్గించి మెల్లగా మాట్లాడుకొను పాత్రలా ఇవి? రాఘవ తీసివేసినది పాత్రకు చెందని హంగు. పాత్రకు చెందిన ఔద్ధత్యము నాయన ముట్టలేదు. సహజనటన యనగా చిన్నగొంతుతో మాట్లాడుటయే యని భ్రమపడువారు రాఘవను ఆదర్శముగా చెప్పుకొనుట చూచినప్పుడు నాకు కష్టము కలుగును.

స్థానం నరసింహారావుగారి విషయమును ఇక్కడ చెప్పుకొనకుండ ముందుకు పోలేము. పురుషుడు స్త్రీవేషము ధరించినపుడు అతికి దారులు వేయి: నడుము అవసరమునకు మించి కదలును, కొంగు మాటిమాటికి జారును, గొంతు కీచుమనును. ప్రేక్షకుడు అది వేషమని ఎరుగును. వేషమును గుర్తుచేయు ప్రతి చేష్టకు నవ్వును. నవ్వు విన్న నటుడు ఆ చేష్టనే రెట్టింపు చేయును. స్థానం ఆ నవ్వును కోరలేదు. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామయు, చింతామణియు, చిత్రాంగియు, రోషనారయు, మధురవాణియు ఒక్క స్త్రీ గాదని ఆయన గ్రహించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నడకను, ఒక్కొక్క కంటి చూపును సంతరించుకొనెను. సత్యభామ సహజముగనే అతిశయము గల స్త్రీ. కూచిపూడివారి భామాకలాపము నాటినుండి ఆమె జడ విసరినను అందులో రాజసమున్నది. ఆమెను చిన్నదిగా అభినయించుటయే తప్పు. పాత్రయందే అతి యున్నప్పుడు నటుడు దానికి దాసుడు గావలెను. పాత్రలో లేని అతిని తెచ్చిపెట్టినప్పుడే మనము వేలెత్తి చూపవలెను. 1956లో స్థానంవారికి పద్మశ్రీ లభించెను. ఆ గౌరవము పొందిన కళ, మగవాడు ఆడుదానివలె నడచుట మాత్రమే కాదని మరువరాదు.

సినిమా వచ్చినపుడు దూరము ఒక్కసారిగా కూలిపోయినది. 1932లో విడుదలయైన భక్తప్రహ్లాదలో లీలావతి సురభి కమలాబాయి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. రంగస్థలమునుండి వచ్చినవారు తమ పరిమాణమును వెంట తెచ్చుకొనుట సహజము. కెమెరా ముఖముకడకు జరిగినకొలది, మొదటి వరుస చివరి వరుస అను భేదము పోయి, కనురెప్ప కదలిక కూడ గోడయంత విస్తరించినది. అప్పటినుండియే ఓవరాక్షన్ అనెడి నిందకు నిజమైన ఆధారము కలిగినది. నాగయ్యగారు పోతన, వేమన, త్యాగయ్య పాత్రలయందు గొంతును, చూపును ఎంత నెమ్మదించిరో తలచుకొన్నచో, రంగస్థలమునుండియే వచ్చిన నటుడు కెమెరాను ఎట్లు అర్థము చేసికొనగలడో తెలియును.

అయినను సినిమాలో సైతము పెద్దదెల్ల తప్పు కాదనుటకు 1957నాటి మాయాబజారును మించిన సాక్ష్యము నాకు తోచుట లేదు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు గద భుజముపై వేసికొని నడచుచుండ చూచి, ఆ నడకను కొంత తగ్గించిన బాగుండెడిదని అనగలవారెవరు? అంతకంటె సూక్ష్మమైన పని సావిత్రిగారిది. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చినపుడు, ఆమె ఒక్క శరీరముతో ఇరువురిని నటింపవలెను. బయటికి కన్య, లోపల రాక్షసవీరుడు. పరులు చూచునపుడు తల వంచుకొనును. చూడనప్పుడు ఛాతీ విరిచి, చేతులు వీరునివలె ఆడించి, కన్నులెగరవేయును. ఎవరో వచ్చు అలికిడి విన్నంతనే మరల సిగ్గు తెచ్చుకొనును. పెండ్లిపీటలపై రేలంగివారి లక్ష్మణకుమారుని పాదమును తొక్కుచు ఏమియు ఎరుగనట్లు కూర్చున్నపుడు, ఆ ముఖమునందు పెండ్లికూతురి వినయమును, ఘటోత్కచుని కొంటెతనమును ఒక్కసారే కనబడును. ఇది పరిమాణము చేత అతియే. సందేహము లేదు. కాని ఆ అతి ఘటోత్కచునిది, సావిత్రిది కాదు. ఆ తేడా తెలిసినందుననే మనమందరమును నవ్వుదుము గాని, ఓవరాక్షన్ అని ఒక్కరమును అనము. ప్రేక్షకుని హృదయమునకు ఈ భేదము తెలియును. నోరు మాత్రము తొందరపడుచున్నది.

రేడియో నాటకములో అభినయమంతయు గొంతునందే యున్నది గనుక, నేను మాట్లాడుచున్న ఈ మైకునకు అతినటన మఱింత వేగముగా పట్టుబడును. వేదిక అలవాటుగల నటుడు మొదటిసారి స్టూడియోలో నిలిచి కంఠమెత్తినచో, అతనిని ఒక అడుగు వెనుకకు జరుగుమందురు. వెక్కి వెక్కి ఏడ్చినచో ఆ ఊపిరి మైకునకు కొట్టుకొని మాటను మింగివేయును. అందుచేత క్రొత్తవారు కొందరు కాళ్లు చేతులు బిగించుకొని, కాగితముపైనున్నది నిదానముగా చదివి, సహజముగా నటించితిమని తృప్తిపడుదురు. ఆ మాట పొడిగా నుండును. అనుభవశాలురైన రేడియో నటులను ఆ సమయమున చూచినచో, వారు చేయి చాచుచుందురు, పిడికిలి బిగించుచుందురు, తల అడ్డముగా ఊపుచుందురు. శ్రోతకు ఆ చేయి కనబడదు; కాని ఆ చేయి కదలనిదే గొంతులో ఆ కోపము రాదు.

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పెనని మన మెరుగుదుము. సామాన్యాభినయమును వివరించు ఘట్టమున ఆయన వీనిలో తారతమ్యము నిర్ణయించెను. సత్త్వము అతిరిక్తముగా, అనగా తక్కినవానికంటె అధికముగా నున్న అభినయము జ్యేష్ఠము. సమముగా నున్నది మధ్యమము. సత్త్వము లేనిది అధమము. మనము నిందగా వాడుచున్న ఆధిక్యమునే శాస్త్రకారుడు శ్రేష్ఠతకు లక్షణముగా చెప్పినాడు! ఎందులో ఆధిక్యమన్నదే ప్రశ్న. సత్త్వమనగా మనస్సు ఏకాగ్రమైనపుడు పుట్టునది. కన్నీరు, రోమాంచము, గొంతు బొంగురుపోవుట, వణకు మున్నగునవి పరధ్యానముగల నటుడు తెచ్చుకొనలేనివి. చేయి, గొంతు, కిరీటము సత్త్వమును మించిపోయినపుడు కలుగునదే మన ఓవరాక్షన్. సత్త్వమే పొంగి వచ్చినపుడు దానికి ఆ పేరు పెట్టుట తగదు.

ఇక రంగస్థలమును విడిచి ఇంటికి రావలసియున్నది, ఏలయనగా ఈ మాట అధికముగా తిరుగుచున్నది ఇంటనే. మన పల్లెలలో చావు జరిగినపుడు స్త్రీలు శోకాలు పెట్టి ఏడ్చుట అందరును ఎరిగినదే. వాకిట అడుగుపెట్టుచునే ఒకరి మెడ నొకరు కౌగిలించుకొని, పోయినవానిని ‘నా తండ్రీ’ యనియో, ‘నా అన్నా’ యనియో పిలిచి, ఒక వరుసలో, ఒక రాగముతో, ఆయన ఎట్లు బ్రతికెనో చెప్పుచు ఏడ్తురు. ఎండలో దున్నిన చేనును, కొని తెచ్చిన కోడెలను, కరవునాడు పంచిపెట్టిన గింజలను, కడగొట్టుబిడ్డకు చేయకయే విడిచిన పెండ్లిని ఒకటి తరువాత ఒకటిగా అందులో చెప్పుదురు. నడుమ కొత్తగా వచ్చిన చుట్టము కనబడినచో ఆమె పేరుపెట్టి పిలిచి, నీవు వచ్చితివి గాని ఆయన లేచి పలుకరింపడని చెప్పి, మరల ఎత్తుకొందురు. నగరమున పెరిగి, ఆ దినమునకు వచ్చిన పడుచువారు అరుగుపై కూర్చుండి, “అత్త మరీ ఓవరాక్షన్ చేస్తోంది” అని చెవులు కొరుకుకొనుట నేను విన్నాను. రాగమున్నది గనుక అది నటన యని, వరుస తప్పలేదు గనుక దుఃఖము లేదని వారి ఊహ. ఆ స్త్రీకి దుఃఖమును చెప్పుకొనుటకు తల్లినుండి, మేనత్తనుండి సంక్రమించిన భాష అది. కూచిపూడి భాగవతునకు ముద్రలెట్లో, ఆమెకు ఆ రాగ మట్లు. రూపము నేర్చుకొన్నదైనంత మాత్రమున దానిలో నిండిన శోకము నేర్చుకొన్నది కాజాలదు. పైగా ఆ శోకము వినుటకు వచ్చినవారు ఊరంతయు నున్నారు. వీధి చివరవానికి కూడ ఆయన మంచితనము చేరవలెను. ఆమెకు మైకు లేదు.

పిల్లల సంగతియు నిట్టిదే. మోకాలు గీరుకొని పోయిన బిడ్డ ఇల్లు ఎగిరిపోవునట్లు ఏడ్చును. బహుమానము వచ్చినచో వీధి పొడుగున గెంతును. వాని శరీరమెంతయో వాని భావమును అంతే. మధ్య అడ్డుగోడలింకను కట్టుకొనలేదు. వానిని చూచి అక్కలు, బాబాయిలు, బడిలోని పెద్దపిల్లలు రోజుకు పదిమార్లు ఓవరాక్షన్ ఓవరాక్షన్ అనుచుండిరేని, ఆ బిడ్డ పదునాలుగవయేట పాఠశాల వార్షికోత్సవమున అభిమన్యుని వేషము కట్టినపుడు చేతులు తొడలకంటించుకొని నిలువబడి, తలవంచుకొని సంభాషణ అప్పజెప్పి దిగిపోవును. అప్పుడు అదే పెద్దలు, వీనికి నటన రాదందురు.

కాటి సీనులో వన్స్‌మోర్‌కు లొంగిపోయిన నటునిపై, పాత్రను విడిచి జనమువైపు కన్నుగొట్టు హాస్యగానిపై, పెండ్లివారింట తన పెద్దరికము చూపుటకే పరుగులు తీయు బంధువుపై ఈ మాటను నేనును నిస్సంకోచముగా వాడుదును. ఆ యుక్తమైన చోట్ల దీనివలె సూటిగా పనిచేయు పదము మన వాడుకలో వేరొకటి లేదు. శవము వాకిట నున్నపుడు శోకాలు పెట్టుచున్న ఆడుదానిపైనను, దెబ్బ తగిలి ఏడ్చుచున్న పసివానిపైనను మాత్రము వాడను. మా యింట ఎవరైన వాడినచో ఊరకుండను.